కొంగు మారిన పిన్నీసు

నేను ఒక పిన్నీసుని. నన్ను చూడటానికి ఎవరూ ఆగి నిలబడరు. అవసరానికి కనిపించలేదంటే మాత్రం ఇల్లంతా తిరగేస్తారు. పైట జారుతుందేమో, కుచ్చిళ్లు ఊడతాయేమో, పిల్లాడి లాగు నలుగురిలో కిందికి దిగుతుందేమో... మనుషుల నోట్లో ఈ "ఏమో" అన్న మాటే లేకపోతే మా జాతికి పనే లేదు. అలాంటిది, ఊళ్లో ఉన్న ఏమోలన్నీ ఒక్క మనిషిలోనే పోగుపడితే ఎలా ఉంటుందో నేను దగ్గరుండి చూశాను. ఆ సంగతే చెబుతాను.

నేను పుట్టింది ఏదో రేకుల షెడ్డులో. చుట్టలుగా వచ్చిన ఇనప తీగని జానెడు లోపు కత్తిరించారు. ఒక కొన సానపట్టారు, రెండో కొనకి రేకు టోపీ తొడిగారు, నడుములో ఒక మెలిక తిప్పారు. మెలిక తిప్పుతుంటే ప్రాణం పోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, వంగి మళ్లీ లేవగలిగే గుణమంతా ఆ మెలికలోనే ఉందని. ఒంటికి తళతళలాడే పూత పూసి, పన్నెండుమందిని ఒక అట్టకి గుచ్చి ఫ్యాన్సీ షాపుకి పంపారు. అక్కడ దువ్వెనల పక్కన నాలుగు నెలలు వేలాడి, నూకరత్నం పెళ్లికి వెళ్లాం.

పెళ్లికూతురి అక్క మమ్మల్ని పన్నెండుమందినీ చీరకి దిగ్గొట్టేసి, "ఇంక భూకంపం వచ్చినా నీ పైట కదలదే" అంది.

"భూకంపం వత్తాదంటావా అక్కా?" అని పెళ్లికూతురు నిజంగానే అడిగింది.

పీటల మీద కూర్చోబోయే పిల్ల అడగాల్సిన ప్రశ్నేనా అది? నా యజమాని ఎలాంటి మనిషో అప్పుడే అర్థమైంది.

పెళ్లయ్యేసరికి మాలో ఆరుగురు చాపల కింద మాయమయ్యారు. మిగిలినవాళ్లు తలో దిక్కూ పోయారు. నేనొక్కదాన్నే నూకరత్నం కుడిచేతి గాజుకి వేలాడుతూ అత్తారింటికి వచ్చాను. చాలామంది ఆడవాళ్లు చేతికి అందుబాటులో ఉంటామని మమ్మల్ని మంగళసూత్రానికి తగిలించుకుంటారు. నూకరత్నం తగిలించుకోలేదు. సూత్రానికి ఇనుము తగిలితే మొగుడికి గండమని ఎవరో చెప్పారట. ఆ మొగుడు త్రిమూర్తులు, నేలలో పాతిన గునపం లాంటి ఇనప మొనమీద రోజూ వెయ్యి కొబ్బరికాయలు పొడిచి పీచు ఒలిచే మనిషి. ఆ మొనవల్ల లేని గండం నావల్ల వస్తుందట!

ఆ ఊరు గవ్వలంక. చుట్టూ గోదారి, మధ్యలో కొబ్బరితోటలు, అరటిబోదెలు, ఓ నూటపాతిక గడపలు. బజారుకి వెళ్లాలన్నా, బడికి వెళ్లాలన్నా పడవ ఎక్కాల్సిందే. ఏడో తరగతి దాకా చదువుకున్న నూకరత్నానికి అక్కడ భయపడటానికి కొదవ లేదు. కొబ్బరికాయ నెత్తిన పడుతుందని, పడవ తిరగబడుతుందని, ఆకుల కింద పాము ఉంటుందని, పనసగింజ గొంతుకి అడ్డం పడుతుందని ఆమె భయం. వీటిలో ఏవీ జరగని రోజున, ఇవాళ ఏమీ జరగలేదంటే రేపు ఏదో పెద్దదే జరగబోతోందని ఇంకో భయం.

కూతురు పుట్టినప్పుడు, పసిగుడ్డు పక్కన ఇనుము ఉంచాలి, కొడవలి పెట్టమన్నారు ముసలమ్మలు. "కొడవలా! కోసుకుంటే?" అంది బాలింత. పోనీ అట్లకాడ అన్నారు. "కంట్లో గుచ్చుకుంటే?" అంది. చివరికి నన్ను మూసి, మళ్లీ తెరుచుకోకుండా దారం చుట్టి, పక్క కింద పెట్టింది. ఇరవైఒక్క రోజులు కాపలా కాశాను. దయ్యాలు నన్ను చూసి జడిశాయో, ఆ తల్లిని చూసి జడిశాయో తెలియదు గానీ ఒక్కటీ రాలేదు.

పిల్లకి జోషిత అని పేరు పెట్టుకున్నారు. నడక వచ్చాక నేనొక సంగతి కనిపెట్టాను. జోషిత కింద పడితే వెంటనే ఏడ్చేది కాదు. ముందు తల్లి మొహం చూసేది. ఆ మొహం మీద పిడుగు పడినట్టుంటే అప్పుడు ఎత్తుకునేది రాగం. నూకరత్నం పొరపాటున అటు తిరిగి ఉంటే మాత్రం లేచి, మోకాళ్లు దులుపుకుని, తన దారిన తను పోయేది. ఇది ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఏం లాభం? పిన్నీసుకి నోరున్నది మూసుకోవడానికే.

జోషితకి ఐదేళ్లు నిండిన ఏడు శ్రావణమాసంలో గోదారి ఎర్రబడింది. మొదటి ప్రమాద హెచ్చరిక అన్నారు. ఏటా వచ్చే చుట్టమే కదా అని లంకలో ఎవరూ పట్టించుకోలేదు. రెండోది అన్నారు. సామాన్లు అటక ఎక్కించారు. మూడోది అనేసరికి నీళ్లు అరుగు ఎక్కాయి. త్రిమూర్తులు గేదెల్ని ముందే పెద్ద రేవు దాటించి ఏటిగట్టు మీదికి తోలుకెళ్లి, అక్కడే కాపలా ఉండిపోయాడు. ఆడవాళ్లనీ పిల్లల్నీ పడవలు ఎక్కించారు.

పడవలో నూకరత్నం నన్ను గాజు నుంచి తీసి, కూతురి గౌనుని తన కొంగుకి కలిపి గుచ్చింది. అప్పటిదాకా నేను గుడ్డల్నే పట్టుకున్నాను, ప్రాణం ఉన్నదాన్ని పట్టుకోవడం అదే మొదటిసారి. నడి ఏట్లో వేళ్లతో సహా ఒక కొబ్బరిచెట్టు కొట్టుకొచ్చింది. పడవవాడు గెడ వేసి తప్పించబోతే పడవ ఒక పక్కకి ఒరిగింది.

"మునిగిపోతన్నాం! సచ్చిపోతన్నాం తల్లోయ్!" అని నూకరత్నం పెట్టిన కేక రెండు గట్లకీ వినబడి ఉంటుంది.

పడవ మునగలేదు. రెండుసార్లు ఊగి నిలబడింది. కానీ జోషిత అప్పటికే తల్లి మొహం చూసేసింది. చూసి నోరు మూసుకుంది. గట్టు చేరాక కూడా తెరవలేదు.

మమ్మల్ని ఏటిగట్టు అవతల హైస్కూల్లో పెట్టారు. గదికి ముప్పై మంది. మాకు వచ్చిన గదిలో గోడమీద పెద్ద దేశపటం ఉంది, అందుకని అందరూ పటం గది అనేవారు. వేడన్నం, పప్పుచారు, పాలు అన్నీ వేళకి వచ్చేవి. జోషిత రెండు ముద్దలు తిని మూతి తిప్పేసేది. ఒక రోజైంది, రెండు రోజులైంది, మూడు రోజులైంది. అమ్మా అనలేదు, ఆకలి అనలేదు. ఎవరు పలకరించినా తల్లి కొంగులో మొహం దాచేది. నూకరత్నం నన్ను తియ్యనూ లేదు. కుళాయికి వెళ్లినా, అన్నం వరసకి వెళ్లినా, తల్లీ నేనూ పిల్లా, ముగ్గురం ఒక్క గొలుసు.

ఈ మూగనోము ఎప్పటికీ వదలదేమోనన్నది నూకరత్నం గుండెలో రాయి. బళ్లో వేస్తే పేరు ఎవరు చెబుతారు? కడుపునొప్పి వస్తే ఎలా తెలుస్తుంది? కేక తను వేసింది, శిక్ష పిల్లకి పడిందని మూడు రోజులుగా ఆమె కంటికి కునుకు లేదు. కన్ను మూసే బదులు నా టోపీ మీద బొటనవేలు ఉంచి, నేను ఊడిపోలేదు కదా అని తడుముకుంటూ కూర్చునేది.

గవ్వలంక అంగన్‌వాడీ టీచరు విజయకుమారి కూడా అదే బళ్లో ఉంది. ఆమె ఇల్లూ నీళ్లలోనే ఉంది. అయినా పొద్దున్నే లంక పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా గట్టిగా చెప్పించేది: నా పేరు ఇది, మా నాన్న పేరు ఇది, మాది గవ్వలంక, నేనుండేది ఫలానా గది. తర్వాత తలా ఒక పని ఇచ్చేది. ఒకడు గ్లాసులు పంచాలి, ఒకతె ముసలాళ్లకి కుర్చీ చూపించాలి. జోషిత మాత్రం గుమ్మం లోపల, కొంగు చివర నిలబడి చూసేది.

నాలుగో రోజు పొద్దున టీచరు నూకరత్నం పక్కన చతికిలబడింది.

"ఆ పిన్నీసు తియ్యి తల్లీ. పిల్లని నాతో పంపు."

"తప్పిపోతేనండీ?"

"ఎక్కడికి తప్పిపోద్ది? గేటు కాడ పోలీసు ఉన్నాడుగా."

"పోలీసు టీకెల్తేనండీ?"

టీచరుకి నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. "నూకరత్నం, ఒకటి చెప్తాను, ఏవనుకోకు. నీ కూతురు వరద చూసి బెదిరిపోలేదు. నిన్ను చూసి బెదిరిపోయింది. నీ మొహవేమన్నా టీవీ వార్తలా, ఇరవైనాలుగ్గంటలూ తుపాను చూపించడానికి?"

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు. నూకరత్నం నవ్వలేదు. "నాకు బయవేత్తే ఏం జెయ్యనండీ మరి? మొహం తీసి దండెం మీద ఆరేసుకోనా?"

"బయపడొద్దనట్లేదే. బయమేత్తందని పిల్లకి చెప్పు, చెప్పి ఆ తర్వాత ఏం చెయ్యాలో అదీ చెప్పు. అరిచి ఊరుకుంటే అది ఆ అరుపు కాడే ఆగిపోద్ది." టీచరు లేస్తూ గొంతు తగ్గించింది. "రేపటికి కూడా మాటాడకపోతే పట్నం ఆసుపత్రికి తీసుకెల్దాం. సరేనా?"

ఆసుపత్రి మాట వినగానే నూకరత్నం వేళ్లు నన్ను ఇంకా గట్టిగా నొక్కాయి.

ఆ మధ్యాహ్నం ఎవరో దాతల లారీ వచ్చింది. లంక ఆడవాళ్లందరికీ తలా ఒక చీర ఇచ్చారు. అన్నీ ఒకటే రంగు, చిలకాకుపచ్చ. అన్నిటికీ ఒకటే మెరూన్ అంచు. నాలుగు రోజుల తడిబట్టలు విప్పేసి అందరూ అవే కట్టుకున్నారు. పక్క చాప వీరవేణి నడుం మీద చేతులు పెట్టుకుని, "మా ఆయనొచ్చి చూత్తే ఇందులో తన పెళ్లాం ఎవరో తెలీక, ఇదే సందని పారిపోతాడు" అంది. ఆ గదిలో నాలుగు రోజుల్లో మొదటిసారి అంతా గొల్లున నవ్వారు.

భోజనాలయ్యాయి. బయట ముసురు. ఆడవాళ్లంతా వరసగా చాపల మీద ఒరిగారు. నూకరత్నానికీ వీరవేణికీ మధ్య జోషిత. చీర మార్చుకునేటప్పుడు తీసిన నన్ను నూకరత్నం మళ్లీ చేతిలోకి తీసుకుంది. నాలుగు రోజుల నిద్ర ఒక్కసారిగా కళ్లమీద పడింది. సగం కన్నుతో కొంగు వెతికింది. చేతికి అందిన చిలకాకుపచ్చ కొసని పిల్ల గౌనుకి కలిపి నన్ను గుచ్చింది. హమ్మయ్య అని అటు తిరిగి పడుకుంది.

అది ఆమె కొంగు కాదు.

నాకు గుచ్చిన క్షణంలోనే తెలిసింది. ఆ కొంగుకి అప్పటికే పొగాకు వాసన పట్టింది, అది వీరవేణి కొంగు. చెప్పడానికి నోరేది? ఒళ్లంతా బిగబట్టి ఊరుకున్నాను.

కాసేపటికి టీ వచ్చిందని బయట ఎవరో కేక వేశారు. టీ అంటే వీరవేణి నిద్రలోంచి కూడా లేచే మనిషి. కళ్లు నులుముకుంటూ లేచింది, నడిచింది. కొంగు లాగేసరికి జోషిత కూడా లేచి నడిచింది. నాలుగు రోజులుగా ఆ పిల్లకి అలవాటు అదే కదా, కొంగు ఎటు పోతే అటు. గుమ్మం దాటాం, వరండా దాటాం, మెట్లు దిగాం, బడి వెనక వంటపందిరి దగ్గరికి వెళ్లాం. అక్కడ యాభై అరవై మంది ఆడవాళ్లు, అందరూ చిలకాకుపచ్చే. వీరవేణి వరసలో నిలబడి ముందు మనిషితో కబుర్లలో పడింది. కొంగు చివర ఒక పిల్ల ఉందన్న సంగతే ఆమెకి తెలియదు.

జోషిత తలెత్తి చూసింది. అమ్మ మొహం కాదు.

నా గుండె అంటూ ఉంటే అక్కడే ఆగిపోయేది. ఇక కెవ్వుమంటుంది, లేదా పరుగెత్తి జనంలో పడిపోతుంది, గట్టు వైపు పోతుంది, గోదారి... నూకరత్నం దగ్గర ఆరేళ్లకి పైగా పనిచేసినదాన్ని, నాకు మాత్రం ఇంకేం తడుతుంది?

పిల్ల చుట్టూ చూసింది. ఏ మొహాన్నయినా చూసి ఏడుద్దామన్నట్టు చూసింది. అందరూ టీ వైపు తిరిగి ఉన్నారు. భయపడమని చెప్పే మొహం అక్కడ ఒక్కటీ లేదు.

అప్పుడు ఒక చిన్న చెయ్యి నా మీదికి వచ్చింది. నన్ను తియ్యడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. ముట్టుకుంటేనే "గుచ్చుకుంటాది!" అని తల్లి చెయ్యి తోసేసేది. కానీ నాలుగు రోజులు కళ్లముందే చూసింది. బొటనవేలితో నొక్కింది, జారింది. మళ్లీ నొక్కింది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, మూడోసారి నొక్కి పక్కకి జరిపింది. నా మొన బయటికి వచ్చింది. గౌను విడిపించుకుంది. అంతటితో నన్ను విసిరేసినా నేనేమీ అనుకునేదాన్ని కాదు. ఆ పిల్ల విసిరెయ్యలేదు. మొనని జాగ్రత్తగా టోపీలో పెట్టి, టక్కుమని మూసింది. పెద్దవాళ్లు కూడా చాలామంది నన్ను తెరిచి వదిలేస్తారండీ. మూసేవాళ్లే తక్కువ.

కొంగు కదలడంతో వీరవేణి వెనక్కి తిరిగింది. "ఓరి దేవుడో! నువ్వెక్కణ్నించి ఊడిపడ్డావే?"

జోషిత నోరు తెరిచింది. నాలుగు రోజుల తర్వాత.

"మాయమ్మ బయపడద్ది. నేనెల్లాలి."

అంతే అంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, కానీ ప్రతి అక్షరం వినబడింది. వీరవేణి టీ సంగతి మరిచిపోయి పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల పట్టుకోనివ్వలేదు. అప్పటికే గంట కొట్టినట్టు, వరండా పిల్లల పాఠం అందుకుంది: "నా పేరు జోషిత. మా నాన్న పేరు త్రిమూర్తులు. మాది గవ్వలంక. నేనుండేది పటం గది." ఆకుపచ్చ చీరల్లో అమ్మని వెతకడం మానేసి, పటం గది ఎటో చెప్పమని వంటవాణ్ని అడిగింది. వంటవాడు గరిటెతో దారి చూపించాడు. నన్ను పిడికిట్లో పట్టుకుని నడక సాగించింది. వెనకాల వీరవేణి "అయ్యబాబోయ్, మాటాడిందర్రా!" అని అరుస్తూ, వరసలో ఉన్న సగంమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

అక్కడ నూకరత్నం సంగతి నేను చూడలేదు. తర్వాత వందసార్లు విన్నాను. మెలకువ వచ్చి పక్క తడిమిందట, పిల్ల లేదు. లేచి కనబడిన ప్రతి ఆకుపచ్చ కొంగునీ పట్టుకు లాగి చూసిందట. గేటు దగ్గర పోలీసు నిజంగానే టీకి వెళ్లాడట. ఆ ఖాళీ కుర్చీ చూశాక వెనక్కి వచ్చి వరండా మెట్లమీద కూలబడిందట. మేము వెళ్లేసరికి అలాగే ఉంది. జీవితమంతా ఎదురుచూసిన చెడ్డరోజు వచ్చేసిందన్నట్టు, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా.

జోషిత వెళ్లి ఎదురుగా నిలబడింది. పిడికిలి విప్పి నన్ను చూపించింది.

"అమ్మా, ఆళ్ల చీరకెట్టేశావ్."

ఈసారి మూగవోవడం నూకరత్నం వంతు. పిల్లని చూసింది, నన్ను చూసింది, వెనక నిలబడ్డ ఆకుపచ్చ గుంపుని చూసింది. పిల్ల కూడా తల్లి మొహమే చూస్తోంది, ఏం చెయ్యాలో అక్కడ చదువుకోవాలని. నాకు మాత్రం అది వరద కంటే పెద్ద ఘడియ. ఇప్పుడీ తల్లి కెవ్వుమంటే? "పోతే ఏమైపోయేదానివే" అని గుండెలు బాదుకుంటే?

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది.

"బయమేసిందే బుజ్జీ," అంది. "నాకు శానా బయమేసింది. నీకో?"

"నాకూ ఏసింది."

"మరేం జేశావ్?"

"పిన్నీసు తీశాను. మూశాను. వచ్చేశాను."

ఏ మహారాజు దండయాత్రనీ ఇంత తక్కువ మాటల్లో చెప్పి ఉండరు. ముందు విజయకుమారి టీచరు నవ్వింది, తర్వాత వీరవేణి, తర్వాత వరండా అంతా. అందరికంటే ఆఖర్న, అందరికంటే గట్టిగా, కళ్లనీళ్లతో నూకరత్నం నవ్వింది. తల్లి నవ్వడం చూసి పిల్ల, "ఆకలేత్తంది" అంది. ఎవరిదో పళ్లెంలో ఉప్మా తెచ్చి పెడితే మొత్తం ఊడ్చేసింది.

మర్నాడు పొద్దున నూకరత్నం నన్ను గాజుకి తగిలించుకుని, కూతుర్ని వరండాలోకి పంపింది. గుమ్మం దగ్గర నిలబడి వంద దాకా లెక్కపెట్టింది. మధ్యలో రెండుసార్లు అరవై దగ్గర తప్పింది. జోషితకి టీచరు ఇచ్చిన పని, వంటపందిరి నుంచి పటం గది దాకా కొత్తగా వచ్చిన పిల్లలకి దారి చూపించడం.

వారానికి నీళ్లు తీశాయి. ఇంటికెళ్లేసరికి గదుల్లో మోకాలి లోతు ఒండ్రు. గోడమీద నీటి గీత చూసి నూకరత్నం మొహం మీదికి పాత మబ్బు వచ్చింది. పిల్ల తనకేసే చూస్తోందని గుర్తొచ్చి, "బయమేత్తంది గానీ ముందు పొయ్యి తవ్వి తీద్దాం, అన్నం వండుకోవాలిగా" అంది. త్రిమూర్తులు పార పట్టుకుని పెళ్లాం మొహంలోకి రెండుసార్లు చూశాడు, ఈమె మా ఇంటామేనా అని.

భయం పోయిందనుకోకండి. పోలేదు. భయానికి పని దొరికింది, అంతే. ఆధారు కార్డులు, మందులు, జత బట్టలు పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద పెట్టింది. లంకలో తక్కినవాళ్ల చేత కూడా కట్టించేదాకా వదల్లేదు. "పోలీసు టీకెల్తే?" అన్న ఆమె ప్రశ్నని ఇప్పుడు ఊరు కాస్త మర్యాదగానే వింటోంది, నిజంగా వెళ్లాడు కదా మరి.

తర్వాతి జూన్‌లో జోషిత ఒకటో తరగతి. బడి గోదారి అవతల. మొదటి రోజు నూకరత్నం రేవు దాకా వచ్చింది. పిల్లలందరితో పాటు జోషిత పడవ ఎక్కి, తనకంటే చిన్నవాడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. పడవ కదిలింది. "అమ్మా, ఎల్లొత్తాను" అన్న కేక నీళ్లమీదుగా వచ్చింది. నూకరత్నం చెయ్యి ఎత్తింది. ఆ చేతి గాజుకి నేను ఊగాను. టోపీ దగ్గర తుప్పు మొదలైంది నాకు, మెలిక కొంచెం వదులైంది. పట్టుకోవడానికి ఆ రోజు నాకు ఏమీ ఇవ్వలేదు.

సాయంత్రం దాకా అక్కడే గట్టు మీద కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. పడవ అవతలి రేవుకి తగలగానే ఇంటికొచ్చింది, చద్దన్నం తింది, గాజు నుంచి నన్ను తీసి తలగడ పక్కన పెట్టింది, పట్టపగలు కాళ్లు చాపుకుని నిద్రపోయింది. గురక పెట్టి మరీ.

నేను మాత్రం కన్ను మూయలేదండీ. మబ్బు పడుతోందా, గాలి ఎటుంది, పడవ తిరిగొచ్చే వేళయిందా అని చెవులు రిక్కించుకునే ఉన్నాను. ఇంట్లో ఎవరో ఒకరు భయపడాలి కదా.